నీలం దారం, రెండు ముళ్ళు

నలుగురికి తగ్గకూడదు, ఐదుగురికి మించకూడదు.
మూడు వేల మాటలు. పట్టికలు లెక్కలోకి రావు.
పోలిక పదిహేను శాతం దాటితే సున్నా.
ఒక చిన్న వ్యాపారాన్ని వెతికి పట్టుకుని
అది డిజిటల్‌గా మారే దారి గీయాలి.
గురువారం రాత్రి పన్నెండుకు ఒక్క నిమిషం ముందు
తలుపు మూసుకుంటుంది.

డాక్టర్ బద్రియా పంచిన కాగితం ఇది.
పగలంతా సొహార్ పోర్టులో కంటైనర్ల నంబర్లు రాసి
సాయంత్రం ఆఖరి వరసలో ఏసీ గాలికి తూగే నేను,
జుమానా, సుడాన్ ముంతసిర్,
ఇంకా హైథమ్.
హైథమ్ అంటే మాకు ఒక ఫోన్ నంబరు,
పక్కన డేగ బొమ్మ.

జుమానా అత్తరు కొట్టు అంది.
ముంతసిర్ చేపల వేలం అన్నాడు.
నేను చొక్కా కాలరు తిరగేసి
లోపలి కుట్టు చూపించాను.
నీలం దారం, రెండు ముళ్ళు.
హంబార్‌లో రాజలింగు లాండ్రీలో
నా పేరు అదే.

మెట్‌పల్లి వదిలి పంతొమ్మిదేళ్ళు.
అరబ్బీ రాయడు, ఇంగ్లీషు చదవడు,
తెలుగులో సంతకం దాకా వచ్చు.
నాలుగు వందల తెల్ల డిష్‌డాషాల్లో
ఒకరిది ఒకరి ఇంటికి పోయిన రోజు లేదు.
డేటాబేస్ ఎక్కడ, అని జుమానా అడిగితే
నేను ఇంకోలా అడిగాను,
అతను బిస్కెట్ల డబ్బా మూత తీశాడు.
నిండా దారపు ఉండలు.

మా ప్రశ్నల చిట్టా మేం విప్పాం.
నీ కస్టమర్ ఎవరు?
"మాసినోడు."
నీకు పోటీ ఎవరు?
"దుమ్ము... గాదు గాదు, దుమ్ము నాతోటి పొత్తుకున్నోడు."
సిస్టం ఆగిపోతే?
"ఇస్త్రీపెట్టె ఆగుతది. నేను ఆగ."
ముంతసిర్ ఇవన్నీ ఇంగ్లీషులో రాసుకుంటూ
పొత్తు దగ్గర పెన్ను ఆపాడు.

యాప్ బొమ్మ గీశాం. క్యూఆర్ లేబుళ్ళు అచ్చువేశాం.
జుమానా అన్నయ్య డిష్‌డాషాలు ఆరింటికి అంటించి ఉతికితే
ఐదు నీళ్ళలో ఊడాయి.
ఆరోది స్కాన్ చేస్తే, ఫ్రీ సైటు గడువు తీరి,
ఎక్కడిదో షవర్మా కొట్టు ప్రకటన వచ్చింది.
రాజలింగు నవ్వలేదు.
లేబుల్ జిగురు గోటితో గీకుతూ
"దారం ఉడకది బిడ్డా" అన్నాడు.

బుధవారం రాత్రి రెండింటికి ఆఖరి పేజీ.
ఎవరు ఎంత పని చేశారో శాతాల్లో రాయాలి,
కలిపితే నూరు కావాలి.
హైథమ్‌కి సున్నా, అంది జుమానా. ముంతసిర్ తలూపాడు.
ఫొటో ఒకటి తక్కువై నేను లాండ్రీకి పోయాను,
ఊరికే అన్నాను, మా వాడొకడు ఒక్కసారీ రాలేదని.
పేరు అడిగాడు. చెప్పాను.

"పచ్చ దారం, ఒక్క ముడి.
రెండు నెల్లాయె, వాని బట్టలకు దవాఖాన వాసన.
ఆడోళ్ళ దుప్పటి ఒకటి గూడ వస్తుండె.
పోయిన వారం నుంచి దుప్పటి వస్తలేదు."

ఆవిరిపెట్టె ఒకసారి బుస్సుమంది.
ఇంకేం అడగాలో తెలియక
నీ దారం ఏ రంగు, అన్నాను.
మెడ దగ్గర బట్ట తిరగేసి చూపించాడు. ఏమీ లేదు.
"నాయి నాకు తెల్వయా?"

తిరిగొచ్చి శాతాలు కొట్టేశాం, మళ్ళీ రాశాం.
ఐదో గడి ఖాళీగా ఉంది.
అక్కడ స్టూడెంట్ నంబరు అడుగుతుంది.
జుమానా తన పర్సులోంచి సూది తీసి
దారం లేని మనిషికి ఏ రంగు అని అడిగి
తెల్లది కుట్టింది, కాగితం మీదే.
స్కానర్‌లో అది వెంట్రుకలా పడింది.

వైవా రోజు డాక్టర్ బద్రియా
స్క్రీన్ మీద వేలు పెట్టింది:
ఇదేంటి, మచ్చా?
మేం ముగ్గురం ఒకేసారి మొదలుపెట్టి
ఒకేసారి ఆగిపోయాం.

గోడ పక్కన, మొదటిసారి వచ్చిన నాలుగో మనిషి
మాట్లాడలేదు.
మెడ దగ్గర కుచ్చు పక్కకి జరిపి
లోపలి అంచు తిప్పి
ఆమెకి చూపించాడు.